గొంతు పెంచేవారి ముందు తంజావూరు బొమ్మ

చెన్నైలో అద్దెకు ఉంటున్న నాకు, ఇంటి యజమాని నీళ్ల మోటారు విషయంలో గొంతు పెంచినప్పుడల్లా మాట తడబడేది. ఇప్పుడు ఆయన మొదలుపెట్టగానే, నవరాత్రులకు మైలాపూరులో అమ్మే తంజావూరు బొమ్మగా ఆయనను ఊహించుకుంటాను. బొమ్మల కొలువులో మూడో మెట్టు మీద, పట్టుపంచెతో, తల ఒకవైపూ నడుము మరొకవైపూ ఊగుతూ కనిపిస్తారు. నా భయం అక్కడే సగం తగ్గుతుంది. భావాన్ని పైకి కనబడకుండా అణచుకుంటే శరీరంలో ఒత్తిడి పెరుగుతుందనీ, ఎదుటి దృశ్యాన్ని మరో దృష్టితో చూస్తే ఆ భావమే పలచబడుతుందనీ, అసహ్యం కలిగించే చలనచిత్రాన్ని చూపించి జేమ్స్ గ్రాస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త జరిపి 1998లో ప్రచురించిన ప్రయోగం తెలిపింది.

ఈ ఊహను ప్రశాంతంగా ఉన్నప్పుడే రంగులతో సహా సిద్ధం చేసుకోవాలి. గొడవ మధ్యలో కొత్తగా కల్పించుకోవడం కష్టం. నవ్వును మాత్రం పెదవుల దాకా రానివ్వకండి, ఎందుకంటే ఇది ఆ మనిషిని కించపరచడానికి కాదు. నిజమైన బెదిరింపు ఎదురైతే ఊహలను పక్కనపెట్టి అక్కడి నుంచి కదలండి. మిగిలిన సందర్భాల్లో, అడుగు బరువుగా ఉండి ఎంత తోసినా తిరిగి నిలబడే రెండో రకం తంజావూరు బొమ్మ మీరే అనుకుని, పాదాలు నేలకు ఆనించి, ఊపిరి నెమ్మదిగా వదిలి, చెప్పదలచిన వాక్యాన్ని ఒక్కసారి స్పష్టంగా చెప్పండి.