బీచ్‌లో క్లౌన్ షో చేస్తే ఎవర్ని లోపలికి లాగాలి

వైజాగ్ ఆర్కే బీచ్‌లో జనాన్ని కలుపుకుని క్లౌన్ కామెడీ ట్రై చేసేవాళ్లకి ఒక మాట, ముందు నిలబడి పగలబడి నవ్వేవాడిని లోపలికి లాగొద్దు, వాడు మొత్తం షో వాడిదే చేసేస్తాడు. వెనకాల చేతులు కట్టుకుని నవ్వాపుకుంటున్న బాబాయ్ ఉంటాడు చూడండి, ఆయన్ని పట్టుకోవాలి. పట్టుకోవడం అంటే చెయ్యి పట్టి లాగడం కాదండోయ్, మీ టోపీ ఆయన ముందుకి చాచి ఊరికే ఆగండి, తీసుకుంటే వచ్చినట్టే, తల అడ్డంగా ఊపితే మీ పరువే పోయినట్టు మొహం వేలాడేసుకుని పక్కకి జరగండి, అసలు నవ్వు అక్కడే వస్తది. మన పిట్టలదొర చేసేదీ అదే కదా, చెక్క తుపాకీతో కోతలు కోసి చివరికి తనే నవ్వులపాలవుతాడు.

1947లో మొదలైన ఎడింబరా ఫ్రింజ్ అనే స్కాట్లాండ్ నాటకాల, కామెడీ పండగలో షోలు చాలావరకు గంట నడుస్తాయి, ఇక్కడ అంతసేపు లాగితే జనం ముంత మసాలా బండి దగ్గరికి పోతారు. సాయంత్రం సముద్రానికి వీపు పెట్టి నిలబడండి, గాలి మీ గొంతుని జనం వైపే తోస్తది.