తెల్లబడే క్రీమా? ముందు డబ్బా తిప్పి చూడండి

16వ శతాబ్దంలో యూరప్ దొరసానులు తెల్లగా కనపడాలని మొహానికి సీసంతో చేసిన తెల్ల పూత పూసుకునేవాళ్లు. నవ్వొస్తుంది కదా, మొన్న కడపలో మా పిన్నమ్మ కూతురు పెళ్లికని తెచ్చుకున్న క్రీము చూశాక నాకైతే నవ్వు ఆగిపోయింది. డబ్బా మీద తయారీదారు అడ్రస్ లేదు, బ్యాచ్ నంబర్ లేదు, లోపల ఏం కలిపారో అసలే లేదు. అలాంటిది కొనకండి. మెర్క్యురీ, కాలొమెల్, మెర్క్యురస్ క్లోరైడ్ అని రాసున్నా, వెండి బంగారానికి తగలనీయొద్దని చిన్న అక్షరాల్లో ఉన్నా అందులో పాదరసం ఉన్నట్టే లెక్క, అది కిడ్నీలకు చేటు. ఇప్పటికే పూస్తుంటే వెంటనే ఆపేయండి, ఆ చేత్తో పసిపిల్లల్ని ముట్టుకోకండి, డబ్బా మాత్రం పారేయకుండా కవర్లో చుట్టి డాక్టరుకు చూపించి మూత్రపరీక్ష సంగతి అడగండి.