అమిగా 1200, సీఎఫ్ కార్డు: పెద్ద ఫైళ్లు మాత్రమే పాడవుతుంటే

పాత అమిగా 1200 కంప్యూటర్‌లో హార్డ్‌డిస్క్ బదులు సీఎఫ్ (కాంపాక్ట్‌ఫ్లాష్) మెమరీ కార్డు వాడుతున్నాను. బూట్ బాగానే అవుతుంది, చిన్న ఫైళ్లు తెరుచుకుంటాయి. పెద్ద ఆర్కైవ్ విప్పితే మాత్రం చెక్‌సమ్ (ఫైలు సరిగ్గా ఉందో లేదో చూసే లెక్క) తప్పు. వేరే కార్డు, వేరే కేబుల్, మళ్లీ ఫార్మాట్: ఏదీ పనిచేయలేదు.

పనిచేసింది మాక్స్‌ట్రాన్స్‌ఫర్ విలువ, అంటే డ్రైవ్‌ను ఒకేసారి ఎంత డేటా అడగొచ్చో చెప్పే పరిమితి. ముందు మొత్తం బ్యాకప్ తీశాను. అమిగాలో డిస్క్‌లు సిద్ధం చేసే ప్రోగ్రామ్ హెచ్‌డీటూల్‌బాక్స్‌లో డ్రైవ్ ఎంచుకుని, పార్టిషన్ డ్రైవ్‌లోకి వెళ్లి, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌కి టిక్ పెట్టాను. అది పెడితేనే ఫైల్ సిస్టమ్ మార్చే బటన్ కనబడుతుంది. అందులో మాక్స్‌ట్రాన్స్‌ఫర్‌ను 0ఎక్స్1ఎఫ్ఈ00 (0x1FE00) చేసి ఎంటర్ నొక్కాను. అంటే 255 సెక్టార్లు, 1,30,560 బైట్లు. పాత ఐడీఈ డ్రైవర్ (డిస్క్‌తో మాట్లాడే ప్రోగ్రామ్) ఒకేసారి అంతకు మించి అడిగితే కొన్ని కార్డులు తడబడతాయి. ప్రతి పార్టిషన్‌కూ విడిగా మార్చాలి, ఒక్కటి వదిలినా అక్కడ అదే గొడవ. తర్వాత మార్పులు డ్రైవ్‌కి సేవ్ చేసి, రీబూట్. అప్పటికే పాడైన ఫైళ్లు బాగుపడవు, మళ్లీ కాపీ చేసుకోవాల్సిందే.

నాది కిక్‌స్టార్ట్ (అమిగా రామ్ చిప్‌లోని కాదు, రోమ్ చిప్‌లోని సిస్టమ్) 3.1. ఫైల్ సిస్టమ్ ఆమినెట్ అనే అమిగా సాఫ్ట్‌వేర్ సైట్‌లో ఉచితంగా దొరికే పీఎఫ్ఎస్3 ఆల్-ఇన్-వన్. 1992 నాటి యంత్రానికి ఇలాంటివి ఉచితంగా రాసిపెట్టేవాళ్లకు నిజంగా రుణపడి ఉన్నాను. 2021లో వచ్చిన, డబ్బిచ్చి కొనే అమిగాఓఎస్ 3.2 మీద ఇది నేను చేసి చూడలేదు. కార్డు ఐడీఈ కాకుండా వేరే స్కజీ (SCSI, డిస్క్‌లు కలిపే మరో పద్ధతి) కంట్రోలర్ మీద ఉంటే ఈ విలువ అక్కర్లేకపోవచ్చు.