మొదటి రన్నింగ్ షూ కొనేముందు

కొత్తగా పరుగు మొదలుపెట్టేవాళ్లు ఏ కంపెనీ కొనాలని అడుగుతారు గానీ, తప్పు ఎక్కువగా సైజు దగ్గరే జరుగుతుంది. ఆఫీసు బూట్ల నంబరే షాపులో చెప్పేస్తారు. పరిగెత్తేటప్పుడు పాదం షూలో ముందుకు జరుగుతుంది, కాసేపటికి కొద్దిగా ఉబ్బుతుంది కూడా. ఆ చోటు లేకపోతే బొటనవేలి గోరు ముందుభాగానికి తగిలి తగిలి నల్లబడుతుంది, ఒక్కోసారి ఊడిపోతుంది.

ముందు ఇంట్లోనే కొలుచుకోండి. పగలంతా తిరిగాక పాదం కాస్త పెరుగుతుంది కాబట్టి సాయంత్రమైతే మంచిది. నేలమీద తెల్లకాగితం గోడకు ఆనించి పరిచి, మడమ గోడకు తగిలేలా దానిమీద నిలబడండి. కూర్చుని కొలిస్తే లెక్క తక్కువ వస్తుంది, బరువు పడితేనే పాదం పూర్తిగా సాగుతుంది. అన్నిటికన్నా పొడవైన వేలి కొస దగ్గర గీత పెట్టించుకోండి. కొందరికి బొటనవేలి కంటే దాని పక్కవేలే పొడవు. రెండు పాదాలకూ గోడ నుంచి గీత దాకా కొలిచి, పెద్దదాన్నే లెక్కలోకి తీసుకుని కంపెనీ సైజు పట్టికలో చూసుకోండి. ఆన్‌లైన్‌లో కొనేవాళ్లు నంబరు ముందు యూకే అని ఉందో, యూఎస్ అని ఉందో చూడాలి. చాలా కంపెనీల మగవాళ్ల షూలో యూకే 8, యూఎస్ 9 ఒకటే.

షాపుకి వెళ్తే పరుగుకి వాడే సాక్సులే తీసుకెళ్లండి. రెండు కాళ్లకూ వేసుకుని, లేసులు కట్టి నిలబడితే, పొడవైన వేలికీ షూ కొసకీ మధ్య ఒక సెంటీమీటరుకు కాస్త అటూఇటూగా ఖాళీ ఉండాలి. వెడల్పు చూడటానికి ఇన్‌సోల్, అంటే షూ లోపల పాదం కింద ఉండే మెత్తటి అట్ట, బయటకు తీసి దానిమీద నిలబడండి. పాదం అంచులు దాటి పక్కలకు వస్తుంటే ఆ షూ ఇరుకే. చిన్నప్పటి నుంచీ చెప్పుల్లోనో ఉత్తకాళ్లతోనో తిరిగినవాళ్లకు పాదం ముందుభాగం వెడల్పుగా ఉండటం మామూలే. దానికి మందుగా పై సైజు తీసుకుంటే పొడవు పెరిగి మడమ జారుతుంది. వెడల్పు రకం అడగండి: మగవాళ్లకు 2ఈ, ఆడవాళ్లకు డి అని రాసి ఉంటుంది.

“వాడగా వాడగా లూజవుతుంది సార్” అంటే నమ్మొద్దు. తోలు చెప్పు సాగినట్టు రన్నింగ్ షూ సాగదు. షాపులో కరిచే షూ రోడ్డుమీదా కరుస్తుంది.

మిగతాదంతా సరిపోయి మడమ ఒక్కటే కొద్దిగా లేస్తుంటే లేసుతో సర్దుకోవచ్చు. పైన చివర్లో, కాస్త వెనక్కి ఇంకో చిల్లు ఖాళీగా ఉంటుంది. లేసును బయటినుంచి అదే వైపు చిల్లులోకి దూర్చి చిన్న ఉచ్చులా వదలండి. రెండోవైపూ అంతే. ఇప్పుడు ఒక్కో వైపు కొసను ఎదుటి ఉచ్చులోంచి లాగి, బిగించి ముడివేయండి.

తడికాలి ముద్ర చూసి అరికాలి వంపును బట్టి షూ ఎంచే పద్ధతి ఇంకా నడుస్తోంది. అమెరికా సైన్యంలో కొత్తగా చేరినవాళ్లకు అలాగే ఇచ్చి చూశారు, గాయాలు చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. డాక్టరు ప్రత్యేకంగా చెబితే తప్ప న్యూట్రల్ రకం, అంటే పాదం లోపలికి ఒరగకుండా ఆపే అదనపు ఆసరా లేనిది, చాలు. రెండు మూడు జతలు వేసుకుని నాలుగడుగులు పరిగెత్తి, కాలికి హాయిగా ఉన్నది తీసుకోండి.

షూ వివరాల్లో కనిపించే డ్రాప్ అంటే మడమ కింద సోల్ మందానికీ పాదం ముందుభాగం కింద మందానికీ తేడా. మామూలు బూట్లకు అలవాటుపడ్డవాళ్లు 8–10 మిల్లీమీటర్లతో మొదలుపెట్టడం మేలు. 0–4 ఉన్నవాటిలో పిక్కలమీదా మడమ వెనక నరంమీదా భారం పెరుగుతుంది. సోల్ లోపల గట్టి కార్బన్ రేకు ఉండే కార్బన్ ప్లేటు షూ పోటీలకు, ఇప్పుడు దానిమీద డబ్బు దండగ. ఆ డబ్బుతో నిరుటి మోడల్ రెండు జతలు రావచ్చు. ఫస్ట్ కాపీల జోలికి అసలు పోవద్దు. పైన లోగో ఒక్కటే ఉంటుంది, లోపలి ఫోమ్ ఏమిటో ఎవరికీ తెలీదు.

సాక్సులు నూలువి వద్దు. చెమటకు తడిసి అలాగే ఉండిపోయి, రాపిడికి బొబ్బలు లేస్తాయి. పాలిస్టరో నైలానో కలిసినవి తీసుకోండి.

ఒక జత సుమారు 500 నుంచి 800 కిలోమీటర్లు వస్తుంది. వారానికి 15 కిలోమీటర్లు పరిగెత్తేవాళ్లకు ఎనిమిది నెలల నుంచి ఏడాది. కింద రబ్బరు బాగానే కనిపించినా లోపలి ఫోమ్ చచ్చిపోయి ఉండొచ్చు. బల్లమీద పెట్టి వెనకనుంచి చూస్తే ఒక పక్కకు ఒరిగినా, సోల్ పక్కన ముడతలు లోతుగా పడినా, దూరమూ వేగమూ పెంచకుండానే మోకాలో ముంగాలో కొత్తగా నొప్పి పెడుతున్నా మార్చే సమయం వచ్చినట్టే.

వానలో తడిస్తే ఇన్‌సోల్ తీసి, లోపల పాత పేపర్లు కుక్కి, ఫ్యాను కింద ఆరబెట్టండి. రెండు మూడు గంటలకోసారి పేపర్లు మార్చండి. మండుటెండలో పెడితే జిగురు వదులుతుంది, వాషింగ్ మెషీన్‌లో వేసినా అంతే.