క్లిప్పులు తీశాక ఏ రిటైనర్, దేనితో కలిపి?

క్లిప్పులు తీసేనాటికి పళ్ళు వరుసలోకి వస్తాయి గానీ, వాటిని పట్టి ఉంచే నారలు ఇంకా పాత చోటికే లాగుతుంటాయి. వేరు చుట్టూ ఉన్న నారలు కుదురుకోవడానికి 3, 4 నెలలు పడుతుంది. చిగుళ్ళలోని సాగే నారలకైతే ఏడాది వరకూ పట్టొచ్చు. ఆ తర్వాత కూడా వయసు పెరిగేకొద్దీ కింది ముందు పళ్ళు ఇరుకవుతూనే ఉంటాయి. అసలు క్లిప్పులే వేయించుకోనివాళ్ళకూ అంతే. కాబట్టి పళ్ళు పాత చోటికి జరగకుండా పట్టి ఉంచే రిటైనర్‌ను ఏడాది పెట్టుకుంటే చాలనే మాట నమ్మొద్దు.

ఏ రిటైనర్ కావాలో తేల్చేది మొదట్లో పళ్ళకున్న లోపం. రెండోది, డాక్టర్ ఎంత దూరంలో ఉన్నారన్నది. మహారాష్ట్రలో తెలంగాణ సరిహద్దు వైపున్న చంద్రపూర్, బల్లార్షాలో ఉండేవాళ్ళకు సరిపోయిన ఏర్పాటు, డాక్టర్‌కు దూరంగా ఉండే సిరొంచ, అహేరి వాళ్ళకు సరిపోకపోవచ్చు.

కింది పళ్ళు వంకరగా ఉండి సరిచేయించుకున్నవాళ్ళకు నాలుక వైపు అతికించే తీగ మంచిది. ఈ కోరపన్ను నుంచి ఆ కోరపన్ను దాకా పేనిన సన్నటి స్టీలు తీగను ఒక్కో పన్నుకూ సిమెంటుతో అంటిస్తారు. పెట్టుకోవడం మరిచిపోయే బాధ లేదు. చిక్కల్లా మధ్యలో ఒక పన్ను దగ్గర సిమెంటు ఊడినా తెలియకపోవడమే: రెండు చివరలూ పట్టుకుని ఉంటాయి, ఊడిన పన్ను మాత్రం నిదానంగా తిరిగిపోతుంది. వారానికోసారి వెలుతురులో అద్దం ముందు నిలబడి, ఒక్కో పన్ను దగ్గర తీగను గోటితో మెల్లగా కదిపి చూడండి. ఎక్కడైనా కదిలితే ఊడినట్టే. అన్నీ అంటుకునే ఉన్నా ఒక పన్ను వేరు ఉబ్బినట్టు కనిపిస్తే, తీగే వంగి పన్నును తోస్తోందని అర్థం. అప్పుడు ఆలస్యం చేయొద్దు.

దూరాన ఉండేవాళ్ళకు తీగ ఒక్కటే ఉంటే ధైర్యం చాలదు. ఊడినప్పుడు డాక్టర్ దగ్గరికి చేరేలోపు పళ్ళను ఆపడానికి రాత్రిపూట పళ్ళకు తొడుక్కునే పల్చటి ప్లాస్టిక్ ట్రే కూడా ఉండాలి. ముందు తీగ అతికించాలి, ఆ తర్వాతే ట్రేకు అచ్చు తీయాలి. అచ్చు మీద తీగ కింది సందులను ల్యాబులో మైనంతో పూడ్చారా అని అడగండి. పూడ్చకపోతే ట్రే తీసిన ప్రతిసారీ తీగనూ లాగుతుంది. ట్రే చివరి దవడ పన్నును కూడా కప్పాలి. కప్పకపోతే ఆ పన్ను ఒక్కటీ పైకి పెరిగి, ముందు పళ్ళు కలవకుండా పోతాయి.

పై అంగిలిని వెడల్పు చేయించుకున్నవాళ్ళకు పల్చటి ట్రే చాలదు, హాలీ ప్లేటే కావాలి. ఇది అంగిలిని ఆనుకునే గట్టి ప్లేటు, పళ్ళ ముందు స్టీలు తీగతో ఉంటుంది. మొదట్లో మాట కాస్త తడబడుతుంది గానీ, తీగ వదులైతే బిగించొచ్చు, ప్లేటు విరిగితే అతికించొచ్చు. కింది పళ్ళు మరీ పైకి కరిచే రకమైతే పై పళ్ళ వెనక తీగ నిలవదు, కింది పళ్ళు తగిలి ఊడిపోతుంది. వాళ్ళకూ పైన హాలీయే, ముందు పళ్ళు ఆనేందుకు చిన్న అరుగుతో. పై ముందు పళ్ళ మధ్య సందు మూయించుకున్నవాళ్ళకు మాత్రం ఆ రెండు పళ్ళ వెనక చిన్న తీగ, రాత్రికి ట్రే.

తీసి పెట్టుకునేవి మొదటి 3 నుంచి 6 నెలలు తినేటప్పుడు, తోముకునేటప్పుడు తప్ప రోజంతా ఉండాలి. ఆ పైన రాత్రిపూట. మీ డాక్టర్ వేరే లెక్క చెబితే అదే పాటించండి. రాత్రి పెట్టగానే బిగుతుగా ఉంటే పళ్ళు కదులుతున్నాయన్నమాట, కొన్నాళ్ళు పగలు కూడా పెట్టుకోండి. ట్రేకూ పళ్ళకూ మధ్య సందు మిగిలితే కొరికి కూర్చోబెట్టొద్దు, పగులుతుంది.

ఈ ప్రాంతంలో ట్రేకు పెద్ద శత్రువు ఎండ. మేలో చంద్రపూర్ 45 డిగ్రీలు దాటినప్పుడు బండి డిక్కీలోనో, నిలిపిన కారులోనో వదిలేస్తే వంగిపోతుంది. వేడినీళ్ళూ అంతే. ట్రే పెట్టుకుని చాయ్ తాగొద్దు. ఇక ఖర్రా (వక్క, పొగాకు, సున్నం కలిపి నమిలేది): వక్క నమిలితే తీగ దగ్గర సిమెంటు పగులుతుంది, మరకలు సరేసరి. మానేయడం తప్ప దీనికి మందు లేదు.

ట్రేను చల్లటి నీళ్ళు, మెత్తటి బ్రష్, ఒక చుక్క గిన్నెల సబ్బుతో కడగండి. పేస్టు గీతలు పెడుతుంది, ఆ గీతల్లోనే వాసన చేరుతుంది. తెల్లగా గార కడితే తెల్ల వెనిగర్, నీళ్ళు సమంగా కలిపి 15 నిమిషాలు నానబెట్టి బాగా కడగాలి. అతికించిన తీగ కింద సన్నటి బ్రష్ గానీ సూపర్‌ఫ్లాస్ (కొస గట్టిగా ఉండే, పళ్ళ సందులు శుభ్రం చేసే దారం) గానీ రోజూ దూర్చాలి. ఎంత చేసినా కొంత గార మిగులుతుంది, 6 నెలలకోసారి క్లీనింగ్ చేయించుకోవాలి.

క్లిప్పులు తీసినప్పుడే ఒకే అచ్చు మీద రెండు ట్రేలు చేయించుకోండి. అచ్చును, స్కాన్ తీసి ఉంటే ఆ ఫైలును అడిగి తెచ్చుకోండి. ట్రే పోతే నాగ్‌పూర్‌లోనో, నది దాటి కరీంనగర్‌లోనో దాని మీదే కొత్తది చేస్తారు. అయితే ఈలోగా పళ్ళు కదలకుండా ఉంటేనే పాత అచ్చు పనికొస్తుంది.