కెమెరా పాఠాలు – 7: జేబు కెమెరాకీ మిర్రర్‌లెస్‌కీ ఫొటో ఒకేలా ఎందుకొచ్చింది?

ఈ వారం ఆటోఫోకస్ గురించి చెప్పాలి. దాన్ని వచ్చే పాఠానికి జరుపుతున్నాను. కిందటి హోంవర్క్ చేసినవాళ్లలో చాలామంది ఒకే చోట ఆగిపోయారు. ఆ ముడి విప్పకుండా ముందుకు వెళ్తే తర్వాత చెప్పేదేదీ తలకెక్కదు.

దీపాలు వెలిగాక ఒకే దృశ్యాన్ని రెండు కెమెరాలతో తీయమన్నాను. ఒకటి జేబులో పట్టే కాంపాక్ట్, రెండోది కొత్తగా నేర్చుకునేవాళ్లు కొనే, లెన్స్ ఊడదీసి మార్చుకోగల మిర్రర్‌లెస్. విజయనగరం వాళ్లు గంటస్తంభం దగ్గర తీశారు, శ్రీకాకుళం వాళ్లు ఏడు రోడ్ల కూడలిలో తీశారు. తీసినవాళ్లు అడిగింది ఒకటే: "సెన్సార్ (వెలుతురును ఫొటోగా మార్చే చిప్) పెద్దదైతే చీకట్లో ఫొటో శుభ్రంగా వస్తుందన్నారు కదా, మరి మాకు రెండూ ఒకేలా వచ్చాయేం?" బొబ్బిలి నుంచి ఒక మాస్టారు రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టి పంపారు. అరటిపళ్ల బండి మీద బల్బు, దాని వెనక మనిషి. కాంపాక్ట్‌తో తీసిన దాంట్లోనే ఆ మనిషి చొక్కా గళ్లు కాస్త స్పష్టంగా ఉన్నాయి. "ఇంత డబ్బు పోసి మిర్రర్‌లెస్ కొన్నాను, పాడైన పీస్ అంటగట్టారా?" అని ఆయన బెంగ.

మాస్టారూ, మీ కెమెరా బాగానే ఉంది. మీరు చేసిన పోలికలో అలాగే రావాలి. సెన్సార్ లెక్క సగమే. మిగతా సగం లెన్స్‌ది. రెండూ కలిపి చూస్తేనే జవాబు దొరుకుతుంది.

ఎపర్చర్ అంటే లెన్స్‌లో వెలుతురు దూరే రంధ్రం, షట్టర్ స్పీడ్ అంటే సెన్సార్ మీద వెలుతురు పడే సమయం, ఐఎస్‌ఓ అంటే ఆ వెలుతురుని కెమెరా ఎంత పెంచి చూపిస్తుందో చెప్పే అంకె. ఐఎస్‌ఓ పెరిగేకొద్దీ ఫొటోలో ఇసుక చల్లినట్టు మచ్చలొస్తాయి, అదే నాయిస్. అంతకన్నా వివరంగా కావాలంటే మూడో పాఠం చూసుకోండి. సెన్సార్ కొలతలు మాత్రం ఒకసారి ముందు పెట్టుకుందాం. మంచి కాంపాక్ట్‌లలో వాడే "1 అంగుళం" సెన్సార్ 13.2 × 8.8 మి.మీ. ఉంటుంది. స్కేలు పెట్టి కొలిచి అంగుళం లేదేమని అడిగినవారికి: అది పాత టీవీ కెమెరాల్లోని గాజు గొట్టం సైజు నుంచి మిగిలిపోయిన పేరు, వదిలేయండి. మిర్రర్‌లెస్‌లోని ఏపీఎస్-సీ సెన్సార్ సోనీ, నికాన్‌లలో సుమారు 23.5 × 15.6 మి.మీ., కెనాన్‌లో 22.3 × 14.9 మి.మీ. వైశాల్యం చూస్తే కాంపాక్ట్‌ది 116 చదరపు మి.మీ., సోనీ మిర్రర్‌లెస్‌ది 366. అంటే 3 రెట్లకు కొంచెం పైన. కొందరికి మాత్రం మిర్రర్‌లెస్ ఫొటో చాలా మెరుగ్గా వచ్చింది. వాళ్ల చేతిలో ఉన్నవి 1/2.3 అంగుళాల సెన్సార్ ఉన్న చవక కాంపాక్ట్‌లు. ఆ సెన్సార్ 28 చదరపు మి.మీ. మాత్రమే, ఇప్పటి మంచి ఫోన్లలో అంతకన్నా పెద్దది ఉంటుంది. ఆ కెమెరాలను ఈ పోలికలోంచి తీసేయండి.

ఇప్పుడు లెన్స్ సంగతి. మాస్టారి కాంపాక్ట్ సోనీ ఆర్‌ఎక్స్100 మార్క్ 3, 2014లో వచ్చిన కెమెరా. దాని లెన్స్ ఎఫ్ 1.8 – 2.8. మొదటి అంకె వైడ్‌లో, అంటే జూమ్ చేయకముందు, రెండోది పూర్తి జూమ్‌లో. ఈ ఎఫ్ నంబర్ ఎంత చిన్నదైతే ఎపర్చర్ అంత పెద్దగా తెరుచుకున్నట్టు. ఆయన మిర్రర్‌లెస్ సోనీ జడ్‌వీ-ఈ10, దాంతోపాటు పెట్టెలో వచ్చిన 16–50 కిట్ లెన్స్ ఎఫ్ 3.5 – 5.6. వైడ్‌లో 1.8కీ 3.5కీ తేడా ఎంత? 3.5ని 1.8తో భాగిస్తే 1.94, దాన్ని దానితోనే గుణిస్తే దాదాపు 3.8. అంటే కాంపాక్ట్ సెన్సార్ మీద ప్రతి చదరపు మిల్లీమీటరుకూ 3.8 రెట్లు ఎక్కువ వెలుతురు పడుతోంది. మిర్రర్‌లెస్ సెన్సార్ వైశాల్యం 3.15 రెట్లు ఎక్కువ. చెంబును జోరుగా పారే కుళాయి కిందా, గంగాళాన్ని సన్నటి ధార కిందా పెట్టినట్టు. మొత్తం మీద పోగైన వెలుతురు రెంటిలోనూ ఇంచుమించు సమానం, కాంపాక్ట్‌కే కాస్త మొగ్గు. మాస్టారి ఫొటోల వివరాలు తెరిచి చూశాను: షట్టర్ స్పీడ్ ఒకటే, కాంపాక్ట్ ఐఎస్‌ఓ 800, మిర్రర్‌లెస్ ఐఎస్‌ఓ 3200. పెద్ద సెన్సార్ వల్ల కలిసొచ్చిందంతా చిన్న ఎపర్చర్ తినేసింది.

ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. ప్రకటనల్లోనూ వీడియోల్లోనూ ఇది కనబడిన ప్రతిసారీ నాకు చిరాకు. కాంపాక్ట్ పెట్టె మీద "24–70, ఎఫ్ 1.8–2.8" అని ఉంటుంది. ఆ 24–70 అసలు ఫోకల్ లెంగ్త్ (లెన్స్ ఎంత కోణం పడుతుందో తేల్చే మి.మీ. అంకె) కాదు. ఫుల్‌ఫ్రేమ్ కెమెరా (36 × 24 మి.మీ. సెన్సార్ ఉన్నది) మీద అయితే ఎంత కోణం కనిపించేదో లెక్కగట్టి వేసిన అంకె. ఎఫ్ నంబర్‌ని మాత్రం ఏ లెక్కా కట్టకుండా ఉన్నది ఉన్నట్టు వేస్తారు. ఒకదాన్ని మార్చి, రెండోదాన్ని మార్చకుండా పక్కపక్కన అచ్చేస్తే చదివేవాడు ఏమనుకుంటాడు? పెద్ద కెమెరా మీద పెట్టే ఖరీదైన 24–70 లెన్స్ జేబులోకి దిగిపోయిందనుకుంటాడు. మిర్రర్‌లెస్ కొనేవాడికీ ఇదే ఉచ్చు. "16–50 అంటే 24–75" అని ఫోకల్ లెంగ్త్‌ని 1.5తో గుణించుకుంటాడు, ఎఫ్ నంబర్‌ని ముట్టుకోడు. ఫొటోకి వెలుతురు ఎంత చాలుతుంది, వెనక దృశ్యం ఎంత మసకబారుతుంది అన్నది తెలియాలంటే రెండో అంకెనూ అదే 1.5తో గుణించాలి. కాంపాక్ట్‌కైతే 2.7తో గుణించాలి. చేసి చూడండి. కాంపాక్ట్ 1.8 కాస్తా 4.9 అవుతుంది, మిర్రర్‌లెస్ 3.5 కాస్తా 5.25 అవుతుంది. దగ్గరదగ్గరగా వచ్చాయి కదా? ఎక్స్‌పోజర్ (ఫొటో ఎంత వెలుగ్గా రావాలన్నది) పెట్టేటప్పుడు మాత్రం ఈ గుణకారం చేయకండి. ఎఫ్ 1.8 ఏ కెమెరా మీదైనా ఎఫ్ 1.8కి తగ్గ షట్టర్ స్పీడే ఇస్తుంది. రెండు కెమెరాలను పోల్చేటప్పుడే ఇది పనికొస్తుంది.

నేనైతే ఈ గుణకారాలు కూడా చేయను. లెన్స్ చుట్టూ రింగు మీద చెక్కిన అంకెలు చూస్తాను. పెట్టె మీద ఏం రాసినా రింగు మీద అసలు ఫోకల్ లెంగ్త్ ఉంటుంది. దాన్ని ఎఫ్ నంబర్‌తో భాగిస్తే వెలుతురు దూరే రంధ్రం ఎన్ని మిల్లీమీటర్ల వెడల్పో వస్తుంది. ఒకే చోట నిలబడి, ఒకే కోణం పట్టే రెండు లెన్సుల్లో ఏ రంధ్రం పెద్దదైతే అదే ఎక్కువ వెలుతురు తెస్తుంది, వెనక దృశ్యాన్ని ఎక్కువ మసకబారుస్తుంది. సెన్సార్ సైజు గుర్తుపెట్టుకోనక్కర్లేదు.

మాస్టారి కాంపాక్ట్ రింగు మీద 8.8–25.7 అని ఉంటుంది. వైడ్‌లో 8.8 ÷ 1.8 = 4.9 మి.మీ. కిట్ లెన్స్ 16 ÷ 3.5 = 4.6 మి.మీ. రెండూ పెన్సిల్ మందం కూడా లేవు. పూర్తిగా జూమ్ చేస్తే కాంపాక్ట్ 25.7 ÷ 2.8 = 9.2, కిట్ లెన్స్ 50 ÷ 5.6 = 8.9. కెనాన్ ఆర్50 కిట్ లెన్స్ 18–45 చివర్లో ఎఫ్ 6.3. 45 ÷ 6.3 = 7.1 మి.మీ. అంటే పూర్తి జూమ్‌లో, పెద్ద సెన్సార్ ఉన్నా ఆర్50 కిట్ లెన్స్ చీకట్లో మాస్టారి కాంపాక్ట్ కన్నా వెనకబడుతుంది. ఇదే ఆర్50ని వైడ్‌లో పోల్చాలంటే జాగ్రత్త. దాని 18 కోణం ఫుల్‌ఫ్రేమ్ మీద 29 లాంటిది, కాంపాక్ట్ 24 దగ్గర మొదలవుతుంది. కాంపాక్ట్‌ని కాస్త జూమ్ చేసి కోణం కలిపాకే పోల్చండి. కోణం కలవకపోతే ఈ రంధ్రం లెక్క చెల్లదు.

ఇప్పుడు అదే మిర్రర్‌లెస్‌కి 50 మి.మీ. ఎఫ్ 1.8 లెన్స్ పెట్టండి. 50 ÷ 1.8 = 27.8 మి.మీ. పది రూపాయల బిళ్ల అంత. చెయ్యి చాచి లెన్స్‌ని వెలుతురు వైపు పట్టుకుని ముందు నుంచి లోపలికి చూస్తే ఆ వెడల్పు కంటికే తెలుస్తుంది. కిట్ లెన్స్‌ని 50 దగ్గర పెట్టి అలాగే చూడండి, ఇక నేను చెప్పాల్సిన పని ఉండదు. 8.9కీ 27.8కీ వైశాల్యంలో తేడా దాదాపు 10 రెట్లు. కాంపాక్ట్ లెన్స్ ఊడదు కాబట్టి ఆ రంధ్రం ఎప్పటికీ పెరగదు.

అందుకే కొనేముందు ఎవరైనా సలహా అడిగితే ఒకటే అడుగుతాను: రెండో లెన్స్ కొంటారా? కొనరంటే, కిట్ లెన్స్ పెట్టిన మిర్రర్‌లెస్‌ని ఫొటో నాణ్యత కోసం కొనకండి, 1 అంగుళం కాంపాక్ట్ చాలు. కొంటానంటే కొత్త బాడీ (లెన్స్ లేకుండా కెమెరా ఒక్కటే) మోజు తగ్గించుకుని లెన్స్‌కి డబ్బు మిగుల్చుకోండి. నా ఇష్టం అడిగితే, 2014 నాటి సోనీ ఏ6000 సెకండ్‌హ్యాండ్‌లో తీసుకుని, సోనీ 50 మి.మీ. ఎఫ్ 1.8 ఓఎస్ఎస్ పెట్టుకోవడం ఉత్తమం. ఆ బాడీలో చేతి వణుకును తట్టుకునే ఏర్పాటు లేదు, ఆ లెన్స్‌లో ఉంది. ఆ బాడీకి వ్యూఫైండర్ (కన్ను ఆనించి చూసే కిటికీ) కూడా ఉంది. జడ్‌వీ-ఈ10కీ, నికాన్ జడ్30కీ వ్యూఫైండర్ లేదు. మన ఎండలో స్క్రీన్ చూస్తూ ఫ్రేమ్ కట్టడం ఎంత కష్టమో మధ్యాహ్నం ఫొటోలు తీసినవాళ్లకి తెలుసు.

పొందూరు వెళ్లి ఖద్దరు పని తీయాలనుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి దాన్నే తీసుకుందాం. ఇంట్లో కూర్చుని వాలుగ చేప దవడ ఎముకతో దూదిని దువ్వుతుంటారు. వెలుతురు గుమ్మం వైపు నుంచి మాత్రమే వస్తుంది. చెయ్యి ఆగదు, షట్టర్ 1/125 కన్నా తగ్గితే వేళ్లు చెదిరిపోతాయి. ఆ వెలుతురులో కిట్ లెన్స్ ఎఫ్ 5.6 దగ్గర ఐఎస్‌ఓ 6400 అడిగితే, ఎఫ్ 1.8 లెన్స్ 640తో సరిపెడుతుంది. మొదటి దాంట్లో దూది పోగులు నాయిస్‌లో కలిసిపోతాయి, రెండో దాంట్లో ఒక్కో పోగూ విడివిడిగా నిలుస్తుంది. అయితే దవడ ఎముక మీది సన్నటి పళ్లు ఫ్రేమ్ నిండా కావాలంటే 50 మి.మీ. లెన్స్ పనికిరాదు. సోనీది 39 సెం.మీ. కన్నా దగ్గరికి ఫోకస్ అవదు. అదే కాంపాక్ట్‌ని వైడ్‌లో పెట్టి 5 సెం.మీ. దాకా తీసుకెళ్లొచ్చు. ఆ ఒక్క ఫొటో కోసమైనా నా జేబులో కాంపాక్ట్ ఉంటుంది. తీసేముందు పని చేసుకునేవాళ్లని అడగండి, వాళ్ల వెలుతురుకి అడ్డం కూర్చోకండి.

విజయనగరం సిరిమానోత్సవం వేరే కథ. దసరా తర్వాత మంగళవారం, మధ్యాహ్నం దాటాక సిరిమాను (పూజారి కూర్చునే పొడవాటి మాను) కదులుతుంది, మూడు లాంతర్ల దగ్గరి గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది. ఆకాశం తెల్లగా వెలిగిపోతుంటే సెన్సార్ తేడా కంటికి ఆనదు. ఆ జనంలో లెన్స్ మార్చడం కుదరదు, బ్యాగు తెరవడమే కుదరదు. కాంపాక్ట్ చాలు, 24–200 జూమ్ ఉన్న ఆర్‌ఎక్స్100 మార్క్ 7 లాంటిదైతే మరీ మంచిది. పాత కాంపాక్ట్‌లు కదిలేవాటి మీద ఫోకస్ వెతుక్కుంటాయి, సిరిమాను వచ్చే దూరానికి ముందే ఫోకస్ చేసి ఆపుకోండి. మాను మీది పూజారి నల్లగా పడిపోకుండా ఎక్స్‌పోజర్‌ని ఒక స్టాప్ (అంటే రెట్టింపు) పెంచండి.

శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం పెలికాన్లకి ఈ రెండూ చాలవు. ఫుల్‌ఫ్రేమ్ లెక్కలో కిట్ లెన్స్ 75 దగ్గర ఆగిపోతుంది. 55–210 లాంటి టెలీ (దూరంవి దగ్గరగా చూపే) లెన్స్ పెట్టుకోవాలి, అప్పుడు 315 దాకా వెళ్తారు. పక్షులే మీ లోకమైతే మిర్రర్‌లెస్ తప్ప దారి లేదు.

బరువు తేడా పెద్దదేం కాదు. మాస్టారి కాంపాక్ట్ 290 గ్రాములు, ఆయన మిర్రర్‌లెస్ కిట్ లెన్స్‌తో 460 గ్రాముల లోపే. ముందుకు పొడుచుకొచ్చే లెన్స్ వల్లే అది జేబులో పట్టదు. కళింగపట్నం ఇసుకలో మాత్రం రెంటినీ కాపాడుకోవాలి. కాంపాక్ట్ లెన్స్ గొట్టం లోపలికి దుమ్ము పోతే సర్వీసుకి ఇవ్వాల్సిందే. మిర్రర్‌లెస్ సెన్సార్ మీద దుమ్మైతే గాలి ఊదే రబ్బరు బుడ్డి(బ్లోయర్)తో ఇంట్లోనే ఊదుకోవచ్చు.

ఇక హోంవర్క్. ఈసారి ఆటో మోడ్ వద్దు. ముందు మీ దగ్గరున్న ప్రతి లెన్స్‌కీ వైడ్‌లో, మధ్యలో, పూర్తి జూమ్‌లో రంధ్రం వెడల్పు లెక్కగట్టి నోట్‌బుక్‌లో రాయండి. ఏ ఫొటో శుభ్రంగా వస్తుందో, ఏ దాంట్లో వెనక ఎక్కువ మసకబారుతుందో తీయకముందే రాసిపెట్టండి. తర్వాత రైతుబజారులో సాయంత్రం దీపాల కింద, ఒకే చోట నిలబడి, కోణం కలిపి, షట్టర్ 1/60 దగ్గర కట్టేసి, ఎపర్చర్ పూర్తిగా తెరిచి, ఐఎస్‌ఓ మాత్రం కెమెరాకి వదిలి రెంటితో తీయండి. పోల్చేటప్పుడు రెండు ఫొటోలనూ స్క్రీన్ మీద ఒకే సైజుకి తెచ్చుకోండి. మీరు రాసింది తప్పయితే ఎక్కువసార్లు కోణం కలవకపోవడమే కారణమవుతుంది, మళ్లీ తీయండి.

50 మి.మీ. లెన్స్ లేనివాళ్లు కిట్ లెన్స్‌ని 50 దగ్గరే ఉంచి, జూమ్ రింగు ముట్టకుండా ఒక సాయంత్రమంతా తీయండి. ఆ కోణంతో మీకు పొసగకపోతే ఆ లెన్స్ కొనకండి, 35 మి.మీ. చూడండి. ఫొటోలు వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపండి. మామూలుగా పంపితే చిన్నవైపోయి నాయిస్ ఎంతుందో నాకు కనబడదు.