జేబు కొరికే గుర్రం దారికొచ్చిన తీరు

చంద్రగిరిలో పెళ్లి ఊరేగింపులకు తిప్పే ఆడగుర్రం మాది. బెల్లం వాసన తగిలితే చాలు, జేబు కొరికేది. ఒకసారి పెళ్లికొడుకు షేర్వానీ పట్టుకుంది. మూతి మీద కొట్టాను కూడా, అది నా తప్పే. మొండితనం ఇంకా పెరిగింది.

నొక్కితే టక్‌మని మోగే చిన్న పరికరం, క్లిక్కర్ తెచ్చాను. టక్‌మంటే తిండి వస్తుందని దానికి తెలిసేలా, మొదట టక్‌మనిపించి వెంటనే క్యారెట్ ముక్క, 20 సార్లు. తర్వాత కంచెకు ఇవతల నిలబడి, అది మూతి పక్కకు తిప్పిన క్షణంలోనే టక్. అసలు కిటుకంతా ఇక్కడే. కాస్త ఆలస్యమైతే మళ్లీ జేబు వైపు వచ్చినందుకు మెచ్చుకున్నట్టవుతుంది. ముక్క కూడా చేయి బాగా చాపి, నా ఒంటికి దూరంగా పెట్టేవాణ్ణి. పూటకు 5 నిమిషాలే.

9వ రోజు బెల్లం జేబులో ఉండగానే తల పక్కకు తిప్పుకుంది! కళ్లు చెమర్చాయి. ఇప్పుడు కాలెత్తి దండం పెట్టడం నేర్పుతున్నాను. డప్పుల మోతలో మాత్రం ఇంకా మరిచిపోతోంది, అందుకే ఈ వారం దూరం నుంచి డప్పు వినిపిస్తున్నాం.